ఫ్లెక్సీ మీద నందన మహారాజు

పోయిన కార్తీకంలో మావాళ్ళ వనసమారాధన రామచంద్రపురం దాటాక ఒక కొబ్బరితోటలో పెట్టారు. తోటలో ఉసిరిచెట్టు లేదు. కడియం వెళ్ళి కుండీతో సహా ఒక ఉసిరిమొక్క తెచ్చి, దానికి పసుపు రాసి, ఉసిరి కింద భోజనం అయిందనిపించాం. పనసపొట్టు కూర బాగా కుదిరింది. అంతకన్నా బాగా కుదిరింది మా పెదనాన్నగారు కట్టించిన ఫ్లెక్సీ. పదడుగుల ఎత్తు. పైన కిరీటం, మెలితిరిగిన మీసంతో శాలివాహన చక్రవర్తి. అడుగున ఉయ్యాల్లో మా తమ్ముడి కొడుకు, ఎనిమిది నెలల వాడు. మధ్యలో బాణం గుర్తులతో పద్నాలుగు పేర్లు. అందరూ మగాళ్ళే.

మేం కుమ్మరులం. సర్టిఫికెట్ల భాషలో బి.సి.-బి, 'కుమ్మర లేక కులాల, శాలివాహన'. శాలివాహనుడు కుమ్మరి ఇంట పెరిగాడనీ, మట్టితో ఏనుగుల్నీ గుర్రాల్నీ బంట్లనీ చేసి, ప్రాణం పోసి విక్రమార్కుడి మీదికి పంపాడనీ కథ. మా తాత ఈ కథ చెబుతూ సారె మీద మిగిలిన మట్టిముద్దతో ఏనుగు చేసి మా చేతిలో పెట్టేవాడు. కథ అయ్యేసరికి తొండం ఊడిపోయేది. ఆ కథంటే నాకు ఇప్పటికీ ఇష్టమే. నా పేచీ కథతో కాదు, బాణం గుర్తులతో.

శాలివాహన శకం మొదలైంది క్రీ.శ. 78లో. అక్కణ్ణించి మా చంటాడి దాకా 1,947 ఏళ్ళు. మధ్యలో పద్నాలుగు పేర్లంటే పదిహేను అంగలు. అంగకి దాదాపు 130 ఏళ్ళు. అంటే మా వంశంలో మగాళ్ళందరూ నూటముప్పయ్యో ఏట తండ్రులవుతూ వచ్చారు. మా నాన్నొక్కడే తొందరపడి పాతికేళ్ళకే అయిపోయాడు. సరే, పేర్లు మరిచిపోయి ఉంటారు, మధ్యలో కొన్ని జారిపోయి ఉంటాయి అనుకుందామంటే, పైనుంచి నాలుగో పేరు సత్యనారాయణ. ఆ పేరు దగ్గర విస్తరి పట్టుకునే నిలబడిపోయాను. మా గోదావరి జిల్లాల్లో ఇంటికో సత్యనారాయణ, వీధికో సత్తిబాబు ఉన్నారంటే అది అన్నవరం కొండ చలవ. స్వామి ఆ కొండ మీద వెలిసింది ఖర నామ సంవత్సరం శ్రావణంలో, 1891లో. అంతకుముందు ఆ పేరు ఎవరూ పెట్టుకోకూడదని కాదుగానీ, శాలివాహనుడి ఇనిమనవడికి సత్తిబాబని పేరుంటే నాకైతే నమ్మబుద్ధి కాలేదు.

ఏడో పేరు నందన మహారాజు.

"ఈయనెవరు పెదనాన్నా?" అన్నాను.

"మీ నానమ్మ చెప్పేదే కదరా. మనోళ్ళు నందనలో వచ్చేరు, నందనలో వచ్చేరు అని. నందన రాజ్యం. దాన్నేలిన మహారాజు."

పెదనాన్నగారు ముప్పయ్యేళ్ళు తెలుగు మేస్టారుగా చేసి రిటైరయ్యారు. ప్రభవ, విభవ, శుక్ల అని అరవై సంవత్సరాల పేర్లు నా చేత వల్లె వేయించింది ఆయనే, రెండో తరగతి వేసవి సెలవుల్లో. ఆ అరవైలో ఇరవయ్యారోది నందన. మనవాళ్ళు నందనలో వచ్చారంటే ఆ పేరుగల ఏడాదిలో ఈ ఊరొచ్చారని. రాజు కావాలన్న తొందరలో మేస్టారికి సంవత్సరం కనపడలేదు.

అరవయ్యేళ్ళకోసారి అదే పేరు తిరిగొస్తుంది కాబట్టి మన పెద్దవాళ్ళ జ్ఞాపకానికి నెల తెలుసు, తిథి తెలుసు, ఏడాది పేరు తెలుసు, ఏ చుట్టో మటుకు తెలియదు. తద్దినం ఏ రోజు పెట్టాలో చెబుతారు, మనిషి ఎప్పుడు పోయాడో చెప్పలేరు. నందన 1772లో వచ్చింది, 1832లో వచ్చింది, 1892లో వచ్చింది. ఈ మూడింట్లో ఎవరైనా ఊరొదిలి, బిడ్డల్ని చంకనేసుకుని, ముక్కూమొహం తెలియని ఊరు రావాల్సొచ్చిన నందన ఏదంటే చరిత్ర తెలిసినవాళ్ళు వెంటనే చెబుతారు. 1832-33. నందన కరువనీ, డొక్కల కరువనీ పేరు. ఎక్కువ చచ్చింది గుంటూరు వైపు జనం. మావైపూ తక్కువేం కాదు. రాజమండ్రి జిల్లాలో 1821లో 7 లక్షల 38 వేలున్న జనం 1841కి 5 లక్షల 61 వేలకు పడిపోయారు. కరువు, ఆ వెనకే 1839 ఉప్పెన. ధవళేశ్వరం ఆనకట్ట పని 1847లో మొదలై 1852లో పూర్తయింది. కాలవ నీళ్ళు పారాక ఎక్కడెక్కడి జనమో ఇటు కదిలారు. ఇక్కడి వాళ్ళెవరైనా 'మేం వెయ్యేళ్ళుగా ఈ ఊళ్ళోనే' అంటే నేను ఆయ్ అని ఊరుకుంటానుగానీ, లోపల ఈ రెండు అంకెలూ తిరుగుతుంటాయి. డెల్టాలో ఉన్నవాళ్ళం అయితే చావు తప్పినవాళ్ళ పిల్లలం, లేకపోతే పొట్ట చేతపట్టుకుని వచ్చినవాళ్ళ పిల్లలం.

ఇంతవరకూ అంచనా. కాగితం మా చినతాత ట్రంకుపెట్టెలో దొరికింది.

మా ఊళ్ళో కుమ్మరి మాన్యం అని ఒక చెక్క ఉంది, ఎకరం పన్నెండు సెంట్లు. ఇప్పుడది వేరేవాళ్ళ రొయ్యల చెరువులో కలిసిపోయింది, అయినా బోదె తవ్వే కూలీలు ఇప్పటికీ "కుమ్మరి మాన్యం కాడ" అనే అంటారు. ప్రతి ఊళ్ళోనూ ఇవి ఉంటాయి: చాకలి మాన్యం, మంగలి మాన్యం, వడ్రంగి మాన్యం, తలారి మాన్యం. ఊరికి చేసిన చాకిరీకి కూలి కింద ఇచ్చిన నేల. దాని మీద చినతాత ఎప్పుడో దావా వేశాడు, ఓడిపోయాడు. వకీలు అప్పట్లో ఇనాం ఫెయిర్ రిజిస్టర్ నకలు తీయించాడు. భూమి తగాదాల్లో తిరిగినవాళ్ళకి ఐ.ఎఫ్.ఆర్. కాపీ అంటే తెలుస్తుంది. ఇంగ్లీషు దొరలు 1858లో ఇనాం కమిషన్ వేసి, మద్రాసు రాజధానిలో ఏ మాన్యం ఎవరి చేతిలో ఉంది, ఏ హక్కుతో ఉందో ఊరూరూ విచారించి రాయించిన పుస్తకం అది. (ఇదే పేజీ మళ్ళీ తీయించుదామని నేనూ ఒక ఆఫీసు చుట్టూ నాలుగు నెలలు తిరిగాను. చివరికి ఒక గుమాస్తాగారు బీరువా తెరిచి చూపించారు. చెదలు తిన్న అట్టలు, లోపల పొడి. చినతాత దావా ఓడిపోయినా మాకు ఈ పేజీ మిగిల్చాడు.)

ఇంగ్లీషు గొలుసుకట్టు రాత. గడులు గడులుగా ఉంటుంది. మాన్యం దేనికి: ఊరికీ గుడికీ కుండలిచ్చే చాకిరీకి. ఏ ఫసలీ: 1270. ఫసలీ అంటే రెవెన్యూ లెక్కల ఏడాది. దానికి 590 కలుపుకోవాలి, అంటే 1860. ఇప్పుడు అనుభవిస్తున్నది ఎవరు: మా తాత తాతకి తాత, మా ఇంటిపేరుతో. వయసు 35. ముందు అనుభవించినవాడికి ఏమవుతాడు: అల్లుడు.

ఆ ఒక్క మాట దగ్గర నేను చాలాసేపు కూర్చున్నాను. కొడుకు కాదు, అల్లుడు. ఇల్లరికం. అయితే మా ఇంటిపేరు ఆయనది కాదు, మామగారిది. మాన్యం ఏ ఇంటిపేరు మీదుందో ఆ ఇంటిపేరే పిల్లలకీ అంటుకుంది. 1860లో 35 ఏళ్ళంటే నందన కరువు నాటికి ఏడేళ్ళ పిల్లాడు.

నానమ్మ దగ్గరికి వెళ్ళి చెప్పాను. ఎనభై ఎనిమిదేళ్ళు ఆవిడకి. చెవి కాస్త మందం, మిగతావన్నీ సరిగ్గానే ఉన్నాయి. విని, ఇందులో వింతేముందన్నట్టు చూసింది. "అదేరా నే సెప్పేది. అమ్మ సెయ్యట్టుకుని వచ్చేడంట, కృష్ణ అవతల్నించి. ఆయమ్మ దారిలోనే పోయిందంట. ఈళ్ళు కుండల సావిట్లో పడుకోబెట్టి గంజి పోసేరంట. ఆణ్ణే అల్లుణ్ణి సేసుకున్నారు."

"మరి ఇన్నాళ్ళూ చెప్పలేదేం?"

"నువ్వడిగేవేటి? మీ పెదనాన్న రాజులెవరని అడిగేడు. నందన అన్నాను. రాసుకుపోయేడు."

కుమ్మరికొక ఏడు, గుదియకొక పెట్టు అంటారు. పెదనాన్నగారి పదడుగుల ఫ్లెక్సీకి ఈ ఒక్క గడి గుదియ పెట్టయింది. నకలు జిరాక్సు ఇచ్చి నేను గొప్పగా నిలబడ్డాను. ఆయన రెండుసార్లు చదివారు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "అల్లుడంటే మనోడే అయ్యుంటాడ్లే. కులం కాని వాణ్ణి ఇల్లరికం తెచ్చుకుంటారా?" అన్నారు. కాసేపాగి, "ఇది మీ పిన్నివాళ్ళకి చూపించకు" అన్నారు.

ఇక్కడి నుంచి నా వాదన.

వంశావళి అనేది జ్ఞాపకం కాదు, దస్తావేజు. ఎవరి దగ్గరో ఏదో హక్కు నిలబెట్టుకోవడానికి రాయించుకునేది. ఇది మా పెదనాన్నగారు కనిపెట్టిన జబ్బేం కాదు, రాజులే మొదలుపెట్టారు. మా ఊరి నుంచి మోటార్ సైకిలు మీద వెళితే అరగంటలో గౌతమి గట్టున కోరుమిల్లి వస్తుంది. రాజరాజ నరేంద్రుడి రాగిరేకులకి ఆ ఊరి పేరే పెట్టి కోరుమిల్లి శాసనం అంటారు. మనందరికీ తెలిసిన రాజమహేంద్రవరం రాజు, నన్నయ్యగారి రాజు. ఆయన వంశం ఆ రేకుల్లో బ్రహ్మ దగ్గర మొదలై చంద్రుడు, బుధుడు, పురూరవుడు, పాండవుల మీదుగా వస్తుంది. తర్వాత అయోధ్యలో 59 మంది చక్రవర్తులు ఏలారని ఒకే ముక్కలో తేల్చేస్తుంది. ఆపైన విజయాదిత్యుడనే ఆయన దక్షిణానికి దండెత్తి వచ్చి త్రిలోచన పల్లవుడి చేతిలో పోతాడు. గర్భిణిగా ఉన్న రాణికి ముడివేము అగ్రహారంలో విష్ణుభట్ట సోమయాజి ఆశ్రయమిస్తాడు. అక్కడ పుట్టిన పిల్లాడే విష్ణువర్ధనుడు, చాళుక్య వంశానికి మూలపురుషుడు.

అదే రేకుల్లో ఇక్కణ్ణించి రాత మారిపోతుంది. కుబ్జ విష్ణువర్ధనుడు 18 ఏళ్ళు అని మొదలుపెట్టి, వరసగా ఎవరెన్నేళ్ళు ఏలారో లెక్క. ఇంద్రభట్టారకుడనే పాపం ఒకాయన ఏడే రోజులు ఏలాడు. ఆయన్నీ వదల్లేదు, ఏడు రోజులని రాశారు. యాభై తొమ్మిది మంది చక్రవర్తుల్ని గుంపుగా తోసేసిన వంశావళి ఏడు రోజుల రాజుని చెప్పడం మరవలేదు. వంశావళి చదివేవాడికి ఇంతకన్నా మంచి పాఠం దొరకదు: ఎక్కడిదాకా గొప్ప చెబుతున్నాడో, ఎక్కణ్ణించి లెక్క చెబుతున్నాడో కనిపెట్టాలి.

మామూలువాడి పేరు ఇలా రాగిరేకుకెక్కదు. బాకీ ఉంటే ఎక్కుతుంది. ద్రాక్షారామం భీమేశ్వరాలయంలో గోడల మీద, స్తంభాల మీద వందల శాసనాలున్నాయి. రాజులు, రాణులు, దండనాయకులు అఖండదీపానికని గొర్రెల్నో ఆవుల్నో ఇస్తారు. వాటిని ఒక బోయకి అప్పగిస్తారు. ఆ బోయ, అతని తర్వాత అతని సంతానం, ఆచంద్రార్కం రోజుకి మానెడు నెయ్యి దీపానికి పొయ్యాలి. అందుకని ఫలానా బోయ కొడుకు ఫలానా బోయ అని తండ్రి పేరుతో సహా చెక్కించారు, నెయ్యి పొయ్యకపోతే ఎవణ్ణి పట్టుకోవాలో తెలియాలిగా! తొమ్మిదొందల ఏళ్ళ కిందటి గొర్రెలకాపరి పేరు, వాడి తండ్రి పేరు రాతి మీద ఇంకా ఉన్నాయి. దానమిచ్చిన దండనాయకుడి బిరుదులు నాలుగు పంక్తులుంటాయి, అందులో ఎంత నిజమో మనకనవసరం. బోయ పేరు మాత్రం అబద్ధం కావడానికి వీల్లేదు.

మా తాతదీ అంతే. ఊరికీ గుడికీ కుండలు బాకీ ఉన్నాడు కాబట్టి పుస్తకంలోకెక్కాడు. రాజుల కాగితంలో ఎంత ఎత్తుకెక్కితే అంత అనుమానం. బాకీ కాగితంలో ఎంత కిందికి దిగితే అంత నమ్మకం. పూర్వీకుల్ని వెతికేవాడు మొదట వెతకాల్సింది మాన్యాల పుస్తకాలు, డైగ్లాట్లు (ఇంగ్లీషూ తెలుగూ రెండింట్లో ఉండే పాత భూముల రిజిస్టర్లు), రిజిస్ట్రాఫీసు దస్తావేజుల్లో నిశానీ కింద ఉన్న పేర్లు. వేలిముద్ర వేసినవాడికి కిరీటం పెట్టాలనిపించదు, అదే అందులో ఉన్న మేలు.

కోరంగి రేవు మాకు ఎంత దూరమని? అక్కణ్ణించీ కాకినాణ్ణించీ రంగూన్ వెళ్ళినవాళ్ళు లెక్కలేనంతమంది. బర్మాలో తెలుగువాళ్ళకి కోరంగీలనే పేరు పడిపోయింది. మారిషస్‌కీ దక్షిణాఫ్రికాలోని నాటాల్‌కీ ఒప్పందపు కూలీలుగా ఎక్కినవాళ్ళ పేర్లు మాత్రం పుస్తకాల్లో ఉన్నాయి. 1860 నుంచి 1911 దాకా నాటాల్ చేరినవాళ్ళు 1,52,184 మంది. మనిషి పేరు, తండ్రి పేరు, కులం, వయసు, ఊరు. వాళ్ళ మునిమనవలు ఇప్పుడు ఆ కాగితాలు పట్టుకుని మన ఊళ్ళ పేర్లు వెతుక్కుంటున్నారు. కూలి తాత దొరికితే కళ్ళనీళ్ళు పెట్టుకుంటున్నారు. ఊళ్ళోనే ఉన్నవాళ్ళం మేం, మాకు కూలి తాత సరిపోడు.

నా అసలు ఫిర్యాదు వేరే ఉంది. వంశవృక్షమని పేరు పెట్టాం. చెట్టన్నాక వెనక్కి పోయేకొద్దీ కొమ్మలు పెరగాలి. నాకు తల్లీతండ్రీ ఇద్దరు, తాతలూ అమ్మమ్మానానమ్మలూ నలుగురు, ఆపైన ఎనిమిది మంది. పదో తరానికి 1,024 మంది. ఇరవయ్యో తరానికి 10,48,576. 1841లో మొత్తం రాజమండ్రి జిల్లా జనం ఇందులో కాస్త ఎక్కువ సగం. మరి మన వంశవృక్షాల్లో వెనక్కి పోతే ఏమవుతుంది? ఒక్కొక్కడే, ఒక్కొక్కడే, చివరికి ఒక రాజు. అది చెట్టు కాదు, మోకు. నా ఇరవయ్యో తరంలో ఉండాల్సిన పది లక్షల స్థానాల్లో ఒక్కదాన్ని ఉంచి, తక్కినవన్నీ తీసేస్తేగాని ఆ మోకు పేనడం కుదరదు.

అంత మంది వేర్వేరు మనుషులు ఉండరనుకోండి. మనవైపు మేనరికాలు ఉన్నాయిగా. మేనమామ కూతుర్ని చేసుకుంటే పిల్లలకి ముత్తాతలూ ముత్తవ్వలూ ఎనిమిది మంది బదులు ఆరుగురే. మా ఇంట్లో ఇంకో మెట్టు పైన. మా నానమ్మ మా తాతకి అక్క కూతురు. అందుకని మా నాన్నకి ఒక వైపు నుంచి తాతగారూ, ఇంకో వైపు నుంచి ముత్తాతగారూ ఒకరే మనిషి. ఇది కాగితం మీద గీయడానికి నాకు ఒక ఆదివారం పట్టింది. పెదనాన్నగారి బాణం గుర్తుల్లో ఇది పట్టనే పట్టదు. మోకులో నానమ్మే లేదు కదా, ఇంక ముడి ఎక్కడ పడుతుంది?

రాజుల ఇళ్ళలోనూ ఇదే తంతు. రాజరాజ నరేంద్రుడి తల్లి కుందవ్వ, చోళుల ఆడపడుచు, రాజేంద్ర చోళుడి చెల్లెలు. నరేంద్రుడు చేసుకున్నది ఆ రాజేంద్ర చోళుడి కూతురు అమ్మంగదేవిని. మేనమామ కూతురు. వాళ్ళ కొడుకు కులోత్తుంగుడు వేంగిలో పుట్టి, 1070లో వెళ్ళి చోళ సింహాసనం మీద కూర్చున్నాడు. తల్లి తరపున, నాన్నమ్మ తరపున వచ్చిన రాజ్యం. మనూళ్ళో అయితే దాన్ని అమ్మమ్మగారింటి ఆస్తి కలిసొచ్చింది అంటాం. తంజావూరు ఆస్తి అలా ఆడపిల్లల మీదుగా చేతులు మారితే చరిత్ర పుస్తకం, ఎకరం పన్నెండు సెంట్లు మారితే పిన్నివాళ్ళకి చూపించకూడని కాగితం.

పోనీ శాలివాహనుడే అనుకుందాం. ఆ పేరు వెనక ఉన్నది శాతవాహనులే అంటారు చాలామంది. మరి ఆ రాజులు తమని తాము ఏమని చెప్పుకున్నారు? గౌతమీపుత్ర శాతకర్ణి. వాసిష్ఠీపుత్ర పులమావి. తల్లి పేరు ముందు, తమ పేరు తర్వాత. గౌతమి, వాశిష్ఠ అంటే మాకు గోదావరి పాయలు. మేం పుట్టి పెరిగిందే వాటి మధ్య నేల. ఆ రెండు పేర్లూ ఒకప్పుడు రాజుల తల్లులవని నాకు పెద్దయ్యేదాకా తెలియదు. అలాంటి వంశం నుంచి వచ్చామని కట్టిన ఫ్లెక్సీ మీద పదహారు మంది మగాళ్ళు, ఒక్క ఆడపేరు లేదు.

రక్తం పరీక్ష చేయించుకుంటే తేలిపోతుంది కదా అని మా తమ్ముడి సలహా. తేలేది తేలుతుంది, మనం అనుకునేది కాదు. వెనక్కి పది తరాలు దాటితే చాలామంది పూర్వీకుల తాలూకు డి.ఎన్.ఏ. మన ఒంట్లో చుక్క కూడా మిగలదు. మా హైదరాబాద్ సి.సి.ఎం.బి. శాస్త్రవేత్తలూ హార్వర్డ్ వాళ్ళూ కలిసి 2013లో తేల్చిందేమిటంటే, ఈ దేశంలో జనాలు 4,200 నుంచి 1,900 ఏళ్ళ కిందటి దాకా ఒకరితో ఒకరు కలిసిపోతూనే వచ్చారు. ఆ తర్వాత తలుపులు మూసుకున్నారు. అంటే దగ్గర దగ్గర శాలివాహన శకం మొదలైన రోజుల్లో అన్నమాట. తలుపులు మూసుకున్నందుకు మిగిలిన ఆస్తి కిరీటం కాదు. వైశ్యుల్లో కొందరికి ఆపరేషన్ ముందు కండరాలు సడలడానికిచ్చే మందు ఒకటి ఎంతకీ దిగదు. అది కరిగించే ఎంజైము వాళ్ళలో కొరవ. కొందరు మత్తుడాక్టర్లు మీరు వైశ్యులా అని ముందే అడిగేది అందుకే. తరతరాలుగా నిజంగా చేతికందేవి ఇలాంటివి.

ఇంత రాశాక పెదనాన్నగారి పక్షాన కూడా రాయకపోతే అన్యాయం. ఊళ్ళో ఏ పెళ్ళయినా మేళతాళాలతో మా ఇంటికొచ్చి అరివేణి కుండలు తీసుకెళ్ళేవారు. ఏ చావుకైనా కుండ మా ఇంటి నుంచే. ఊరందరి వంశాలూ మొదలయ్యేదీ ముగిసేదీ మా కుండతో. అయినా పెదనాన్నగారు చిన్నప్పుడు ఆ పెళ్ళిళ్ళకి వెళితే కూర్చోబెట్టింది అరుగు చివర. బళ్ళో ఆయన్ని పేరు పెట్టి కాక 'కుండ' అని పిలిచిన మేస్టారు ఒకాయన ఉండేవారట. అందుకే తను మేస్టారయ్యాక ఏ పిల్లాణ్ణీ అలా పిలవలేదు. ఈ మాట ఆయన శిష్యులు చెబితే నాకు తెలిసింది. అరుగు చివర కూర్చున్న పిల్లాడికి చక్రవర్తి కావాల్సి వచ్చాడంటే నేనేం అనగలను? జనాభా లెక్కల్లో తమ కులానికి గొప్ప పేరు రాయించుకోవాలని ఒకప్పుడు దేశమంతా అర్జీలు పెట్టింది కూడా ఈ మంటతోనే. మాల మాష్టీలు, గొల్లల మందహెచ్చులు, విశ్వబ్రాహ్మణుల రుంజవాళ్ళు తరతరాలుగా పాడుతూ వచ్చిన కులపురాణాల్లోనూ ఈ మంటే ఉంది. పై కులం మమ్మల్ని తొక్కింది, అయినా మా మూలపురుషుడు మీ వాడికన్నా ముందువాడు అని. అది చరిత్ర కాదు, జవాబు. జవాబుగా నాకు దాని మీద గౌరవం ఉంది.

కానీ నాకు కష్టంగా ఉన్నదల్లా ఒక్కటే. శాలివాహనుడు కుమ్మరి ఇంట పెరిగిన దిక్కులేని పిల్లాడు. చాళుక్యుల విష్ణువర్ధనుడు ఎవరో ఆశ్రయమిచ్చిన ఇంట పుట్టిన తండ్రిలేని పిల్లాడు. మా తాత కుండల సావిట్లో గంజి తాగి బతికిన తల్లిలేని పిల్లాడు. మొదటి ఇద్దరి కథా విని చేతులు జోడిస్తాం. మూడోవాడు మావాడే, కాగితం మీద వయసుతో సహా దొరికినవాడు. అతన్ని మహారాజుని చేసి, ఆ ఆకలినీ దారిలో పోయిన తల్లినీ తుడిచేస్తే ఇంక మిగిలింది ఎవరు? అతనిది పుట్టుకతో ఏ కులమో ఆ గడిలో లేదు. గంజి పోసినవాళ్ళు అడిగారో లేదో కూడా లేదు. పెదనాన్నగారు అడిగేది ఆ ఒక్క ప్రశ్నే.

సంక్రాంతికి ఊరెళ్ళాను. మావైపు పండగ నాడు పెద్దలకి బట్టలు పెట్టుకోవడం ఆనవాయితీ. గోడవారన పీటలు వేసి, వాటి మీద పంచెలూ చీరలూ మడతపెట్టి, అరిసెలూ గారెలూ విస్తట్లో పెట్టి, నానమ్మ ఒక్కొక్కరి పేరూ పిలుస్తుంది. ఫ్లెక్సీకెక్కని వంశవృక్షం అది. ఆవిడ పిలిచేవాళ్ళలో సగం మంది ఆడవాళ్ళు. మా ముత్తాతకి మొదటి భార్య ఒకామె, పిల్లల్లేకుండా పోయింది, ఆమెకీ ఒక రవికలగుడ్డ పడుతుంది. ఈసారి పెదనాన్నగారు ఒక పంచె తెచ్చి ఏమీ మాట్లాడకుండా పీట మీద పెట్టారు. ఎవరికని నానమ్మ అడిగింది. "నందన ఆయనకి" అన్నారు.

"మరి ఆయన పెళ్ళానికో?" అంది నానమ్మ.

నకల్లో ఆమె లేదు. మాన్యం వచ్చిందీ ఇంటిపేరు వచ్చిందీ ఆమె వల్లే, కానీ గడిలో ఉన్నది అల్లుడన్న మాట ఒక్కటే. ఆ మాట వెనకాల ఒక కూతురుండాలని మనం ఊహించుకోవాలి. పేరు తెలియకపోతే ఎలా పిలుస్తావన్నాను.

"తెలీకపోడమేటి? మీ అక్కకి పెట్టింది ఎవరి పేరనుకున్నావు?"

మా అక్కకి రెండు పేర్లు. రెండోది మేం పిలిచేది. మొదటిది ముసలమ్మ పేరులా ఉందని, కాలేజీలో అందరూ నవ్వుతున్నారని ఏడ్చి, పదేళ్ళ కిందట ఆధార్‌లో కొట్టేయించుకుంది. నానమ్మ ఆ పేరు పెట్టి పిలిచి, పీట మీద నీరుకావి రంగు చీర పెట్టింది.

బయటికొచ్చి అక్కకి ఫోన్ చేశాను. పండగ పనిలో ఉన్నట్టుంది, ఎత్తలేదు.